రెండు ముళ్ళ మూట

జులై నెలలో క్రిస్మస్ పనులు మొదలెట్టే మనిషిని ఎవరైనా ఏమంటారు? పిచ్చిదంటారు. అత్తగారు కూడా అదే అన్నారు, కాకపోతే కాస్త మర్యాదగా అన్నారు.

"అమ్మాయ్, ఒంట్లో బాగానే ఉందా? ఏదీ, నుదురు చూడనీ."

"జ్వరం లేదత్తయ్యా. నారింజ తొక్కలు పాకంలో వేస్తున్నాను, కేకులోకి."

"పండగింకా ఆర్నెల్లుంది కదే తల్లీ! ఆలూ లేదు, చూలూ లేదు..."

"ఐదున్నరే" అంది కోడలు గరిటె తిప్పుతూ. వెక్కిరింపుకి అన్న మాట కాదది. నిజంగానే లెక్కపెట్టుకుని ఉంది.

ఈ కోడలు ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఇస్త్రీ అంటే పెట్టె పట్టుకుని చొక్కా మీద తోసే ఇస్త్రీ కాదు. హోటళ్ళ దుప్పట్లు అక్కడికి వందల్లో వస్తాయి. మంచమంత వెడల్పున్న వేడి రోలర్ల మధ్యకి, తడి దుప్పటిని అంచులు పట్టి ముడత పడకుండా అందించాలి. అటు ఒకరు, ఇటు ఒకరు. పదకొండేళ్ళుగా ఇటువైపు నిలబడే మనిషి ఆమె. అక్కడ అందరూ ఇస్త్రీ అక్క అంటారు. మొగుడు అదే లాండ్రీకి వ్యాను తోలతాడు. వీళ్ళకి తొమ్మిదేళ్ళ కూతురు. నిద్ర లేచింది మొదలు వాగుతూనే ఉంటుందని తండ్రి దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు, అదే స్థిరపడిపోయింది.

క్రిస్మస్ వచ్చిందంటే ఊళ్ళో హోటళ్ళన్నీ నిండుతాయి. హోటళ్ళు నిండితే లాండ్రీ నిండుతుంది. లోకమంతా పండగ చేసుకునే వారం రోజులూ లాండ్రీలో పనిచేసేవాళ్ళకి నడ్డి విరిగే వారం. పోయినేడు ఆమె మూడు రోజులు వరసగా రెండేసి షిఫ్టులు చేసి, సరిగ్గా పండగనాటి మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. అందరూ తనకోసం తినకుండా కూర్చుని ఉన్నారు. కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుంది. మొగుడు ప్రార్థన మొదలుపెట్టి ఆమెన్ అనేలోగా, కంచం పక్కన చెంప ఆనించి నిద్రపోయింది. లేచేసరికి ఇంట్లో దీపాలు వెలుగుతున్నాయి. కంచాలు కడిగేసి ఉన్నాయి. పండగ అయిపోయింది.

అంతటితో పోయినా బాగుండేది. జనవరిలో బడికి రమ్మని కబురొస్తే వెళ్ళింది. గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలు అతికించారు. వాటిలో పిచ్చుక వేసింది కూడా ఉంది. కింద 'మా ఇంట్లో క్రిస్మస్' అని రాసి ఉంది. బల్ల, బల్ల మీద కేకు, కేకు పక్కన తల వాల్చేసిన అమ్మ. చుట్టూ నాన్న, నానమ్మ, పిచ్చుక. ముగ్గురూ నోటి మీద వేలు పెట్టుకుని ఉన్నారు.

"మీ అమ్మాయి బాగా గమనిస్తుందండీ" అని నవ్వింది టీచరు.

ఇస్త్రీ అక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ బొమ్మ అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, పనిలో వేసుకునే కోటు జేబులో దాచుకుంది. ఆ కోటు ఎన్నిసార్లు ఉతికినా, ముందు బొమ్మ తీసి, ఆరాక మళ్ళీ జేబులో పెట్టుకునేది. పిల్లని ఒక్క మాట అడగలేదు. ఏమని అడుగుతుంది? తప్పు తనదే అయ్యె. ఒట్టు మాత్రం పెట్టుకుంది. వచ్చే క్రిస్మస్ నాడు తను పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా మెలకువగా ఉంటుంది. బిడ్డ ఎదురుగా కూర్చుంటుంది. అంతే. రాజ్యాలేమీ కోరుకోలేదు.

కానీ మెలకువగా ఉండాలంటే ముందు సెలవు దొరకాలి. ఆగస్టులోనే సూపర్వైజర్ దగ్గరికి వెళ్ళింది. ఆయనకి కోపం వస్తే ముక్కుతో బుస్సుమని గాలి వదులుతాడు, అందుకని వెనకాల అందరూ కుక్కరు అంటారు.

"ఇరవై నాలుగు, ఇరవై అయిదు నాకు సెలవు కావాలి సార్."

"డిసెంబరులోనా? ఏమ్మా, నవ్వులాటగా ఉందా?"

"పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు సార్."

కుక్కరు బుస్సుమన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించాడు. చిరిగిన దుప్పట్లు గదిలో గుట్టలుగా పడి ఉన్నాయి, కుట్టే మనిషి మానేసింది. "అవి ఇంటికి పట్టుకెళ్ళి కుట్టుకురా. పండగ లోపల గుట్ట కరగాలి. నీ మీద ఒక్క ఫిర్యాదు రాకూడదు. అప్పుడు ఆ రెండు రోజులూ నీవి."

అలా ఆ ఇంటికి మూటలు రావడం మొదలైంది. లాండ్రీలో మూటకి ఒక పద్ధతుంది. దుప్పటి నాలుగు కొసలూ కలిపి ఒక్క ముడి వేస్తే అందులో ఇంకా పని మిగిలి ఉందని. రెండు ముళ్ళు వేస్తే పని అయిపోయింది, వ్యాను ఎక్కించమని. చదువు వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ తెలియాలని ఏనాటివాళ్ళో పెట్టిన పద్ధతి. మొగుడు సాయంత్రం ఒంటి ముడి మూటలు తెచ్చి తలుపు వెనక పడేసేవాడు. ఆమె కుట్టి, రెండు ముళ్ళు వేసి, మళ్ళీ తలుపు వెనకే పెట్టేది. పొద్దున్నే అతను కళ్ళు నలుపుకుంటూ వాటిని భుజానికెత్తుకుని పోయేవాడు.

అవి కుట్టాక పండగ పని. కొనుక్కునే పండగ ఆ ఇంట్లో ఎన్నడూ లేదు, దానికి ఎవరూ ఏడవనూ లేదు. అన్నీ చేతులతోనే. అత్తగారికి చలికి ఎర్ర శాలువా. ఎవరో పారేయబోయిన పాత ఉన్ని స్వెట్టర్లు రెండు తెచ్చి, దారం విప్పి, ఉండ చుట్టి, దాంతో అల్లింది. మొగుడికి వ్యాను సీటు మీద వేసుకునే మెత్త. పిచ్చుకకి బొమ్మ. పనికిరాదని పక్కన పడేసిన దుప్పటి గుడ్డతో ఒళ్ళు, కత్తిరించిన దారప్పోగులు కూరి పొట్ట, చొక్కా గుండీలతో కళ్ళు. క్రిస్మస్ చెట్టు సంగతి అడుగుతారా? లాండ్రీలో వంగిపోయిన తీగ హ్యాంగర్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. పెద్దవి కింద, చిన్నవి పైన, ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే చెట్టు. నవ్వొచ్చేలా ఉంటుంది గానీ, చెట్టులానే ఉంటుంది.

ఇదంతా ఎప్పుడు చేసింది? పనినుంచి వచ్చాక, వంట అయ్యాక, ఒళ్ళు హూనమయ్యాక చేసింది. ఒక నెల కుడి మణికట్టు వాచింది. ఇంకో నెల సూది కనపడక దీపం దగ్గరికి జరిగింది. అలసిపోకుండా ఉండే ఒక్క రోజు కోసం అయిదు నెలలు అలసిపోయింది. వింటే నవ్వొస్తుంది, కానీ ఆ ఇంట్లో అప్పటికి ఎవరికీ నవ్వు రాలేదు.

పిచ్చుక బడినుంచి రాగానే బల్ల పక్కన చేరేది. "అమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా..."

"ష్. లెక్క తప్పుతానే."

"ఒక్కటే మాటమ్మా!"

"ఒక్కటి అంటావు, వంద చెప్తావు. నా బంగారు తల్లివి కదూ, దాచి పెట్టు. క్రిస్మస్ రోజు చెప్పు. ఆ రోజు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నీ ఎదురుగా కూర్చుని అన్నీ వింటాను."

"మర్చిపోతే?"

"రాసిపెట్టుకో."

ఆ మాట అన్నది ఆమెకే గుర్తులేదు. ఆ తర్వాత అత్తగారు కూడా అలవాటు పడ్డారు, పిల్ల నోరు తెరిస్తే చాలు, "ష్, అమ్మ పనిలో ఉంది" అనడం. మొగుడు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి రావడం మొదలుపెట్టాడు. నవంబరు వచ్చేసరికి పిచ్చుక బల్ల దగ్గరికి రావడమే మానేసింది. మంచం మీద కూర్చుని ఏదో రాసుకునేది.

"చూశారా అత్తయ్యా, పిల్లకి బుద్ధి వచ్చింది" అంది ఒకరోజు ఇస్త్రీ అక్క, గోడకి సున్నం కొడుతూ.

అత్తగారు బక్కెట్ పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఇల్లలకగానే పండగ కాదే అమ్మాయ్" అన్నారు. "ఇంట్లో ఒక్క చప్పుడు లేదు, గమనించావా?"

"ఉండండి, ముందుంది కదా" అంది కోడలు.

"ఆ, ముందుంది మొసళ్ళ పండగ" అని గొణుక్కున్నారు అత్తగారు.

డిసెంబరు ఇరవై రెండు సాయంత్రానికి పనులన్నీ అయిపోయాయి. నమ్మరు గానీ, నిజంగానే అయిపోయాయి. కేకు కాల్చి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టింది. చెట్టు నిలబెట్టింది. గోడలు తెల్లగా ఉన్నాయి. లాండ్రీలో చిరుగుల గుట్ట కరిగిపోయింది, కుక్కరు పెదవి విరిచి, "సరేలే, తీసుకో సెలవు" అన్నాడు. ఇక మిగిలింది కానుకలు దాచడం. పిచ్చుక మంచాల కింద వెతుకుతుంది, అలమరాలు వెతుకుతుంది, పిండి డబ్బాలో కూడా చెయ్యి పెడుతుంది. అది వెతకని చోటు ఆ ఇంట్లో ఒక్కటే, తలుపు వెనక మూటల గుట్ట. ఆ మూటలంటే దానికి ఒళ్ళు మంట. ఆమె తన తెలివికి తనే మురిసిపోతూ శాలువా, మెత్త, బొమ్మ ఒక తెల్ల దుప్పట్లో పెట్టి, కొసలు కలిపి ముడివేసి, కుట్టిన ఆఖరి మూటల మధ్య పెట్టింది. చేతులు దులుపుకుంది. అయిదు నెలల్లో మొదటిసారి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు ఆమెది తొలి షిఫ్టు, చీకట్లోనే వెళ్ళిపోయింది. పదకొండు గంటల వేళ, తడి దుప్పట్ల బండి రోలర్ దగ్గరికి వచ్చింది. కొస పట్టి విదిలించింది. గులాబీ రంగు.

తన కళ్ళే మసకబారాయనుకుంది. రెండోది తీసింది. అదీ గులాబీ రంగే. మూడోది, నాలుగోది, అన్నీ అంతే. అవతలి వైపు నిలబడ్డామె "ఓయమ్మో, ఇదేం చోద్యం అక్కా! పెళ్ళిపందిరేమైనా వేస్తున్నారా?" అంటూ బండి అడుగున చెయ్యి పెట్టి ఏదో బయటికి లాగింది. ఎర్రగా, అట్టలా బిగుసుకుపోయి, పిల్లికూనకి కప్పడానికి సరిపోయేంత ఉంది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. గులాబీ రంగు గుడ్డ బొమ్మ. పొట్టలో పోగులన్నీ ఒక కాలిలోకి దిగిపోయాయి. గుండీ కళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు.

ముడి. నిన్న సాయంత్రం ఎన్ని ముళ్ళు వేసింది? గుర్తు తెచ్చుకోవాల్సిన పనే లేదు, చేతులకి తెలుసు. పని అయిపోయింది, రెండు వేశాయి. మొగుడు రెండు ముళ్ళు చూశాడు, భుజానికెత్తాడు. ఉతికే చోట రెండు ముళ్ళ మూటని ఎవరూ విప్పి వెతకరు, కుట్టినవే కదా అని కొసలు వదిలి మరిగే నీళ్ళ యంత్రంలోకి గుమ్మరిస్తారు. ఎవరి తప్పు? ఎవరిదీ కాదు. అందరూ పద్ధతి ప్రకారమే చేశారు.

కుక్కరు పరుగెత్తుకొచ్చాడు. బొమ్మని కాలు పట్టుకుని పైకెత్తాడు.

"ఎవరిదిది?"

బండి చుట్టూ ఉన్నవాళ్ళందరూ నేల చూపులు చూశారు. ఎవరూ చెప్పకపోతే అది ఎవరిదో ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు.

"నాదే సార్" అంది ఇస్త్రీ అక్క.

"నూట నలభై దుప్పట్లమ్మా! రేపు సాయంత్రానికి హోటల్లో జనం దిగుతారు. గులాబీ రంగు మంచాల మీద పడుకోబెట్టమంటావా వాళ్ళని?" ఆయన బుస్సుమన్నాడు. తర్వాత నెమ్మదిగానే అన్నాడు, నెమ్మదిగా అన్నందుకే ఆమెకి ఎక్కువ భయం వేసింది. "నువ్వూ మీ ఆయనా ఉండండి. బ్లీచింగు పెడతారో, ఏం చేస్తారో. ఇవి తెల్లబడ్డాకే సెలవు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఏ రెండు రోజుల కోసం ఇంత చేసిందో, ఆ రెండు రోజులే పోయాయి.

మొగుడు వ్యాను దిగి వచ్చి విషయం విన్నాడు. తల గోక్కున్నాడు. "రెండు ముళ్ళు ఉన్నాయే..." అన్నాడు.

"నేనే వేశాను."

"చూసైనా ఎత్తాల్సింది నేను."

"నువ్వెప్పుడు చూసి ఎత్తావు కనక!"

అతను బండిలోంచి, కుట్లు విడిపోయిన మెత్త పక్కనున్న ఆ కురచ శాలువా తీసి తన తల మీద టోపీలా పెట్టుకున్నాడు. "మా అమ్మకి కాకపోయినా నాకు సరిపోయింది" అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే బండి అంచు పట్టుకుని ఏడ్చేసింది. అతను టోపీ తీసేసి, దుప్పట్లు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ పక్కనే నిలబడ్డాడు.

రంగు అంటిన గుడ్డని తెల్లబరచడం ఏమంత సులువు కాదు. నానబెట్టాలి, పిండాలి, వెలుగులో చూడాలి, మళ్ళీ నానబెట్టాలి. ఆ వాసనకి కళ్ళు మండుతాయి, వేళ్ళ కొసలు పగులుతాయి. మామూలు పని మామూలుగా జరుగుతూనే ఉండాలి, అది ఆగదు. ఇరవై మూడు గడిచింది. ఇరవై నాలుగు సాయంత్రం తెల్లబడ్డ వంద దుప్పట్లు హోటల్కి వెళ్ళాయి, మిగిలినవాటితో వాళ్ళిద్దరే ఉండిపోయారు. ఆఖరికి పన్నెండు దుప్పట్లు మొండికేశాయి, చచ్చినా తెల్లబడలేదు. అప్పటికి తెల్లవారింది. ఇరవై అయిదు.

పొద్దున్నే వచ్చిన కుక్కరు ఆ పన్నెండింటినీ చూసి చెయ్యి విదిలించాడు. "పట్టుకుపోండి. నా కళ్ళెదుట ఉంచకండి." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "పండగ చేసుకోండి ఇక."

ఇంటికి వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఉండవా మరి, అయిదు నెలలు పట్టింది. హ్యాంగర్ల చెట్టు మెరుస్తోంది. కేకు పళ్ళెంలో ఉంది. అత్తగారు కోడి కాల్చి, బంగాళాదుంపలు ఉడకబెట్టి బల్ల మీద పెట్టారు. పిచ్చుక తల దువ్వుకుని, ఒక బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. సిద్ధంగా లేనిది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

చన్నీళ్ళతో మొహం కడుక్కుంది. చిక్కటి కాఫీ రెండు కప్పులు వరసగా తాగింది. కానుకల సంగతి అత్తగారికి మొగుడు గొణుగుతూ చెప్పాడు. గులాబీ రంగు దుప్పటి ఒకటి బల్ల మీద పరిచారు, చూడ్డానికి బాగానే ఉంది. ఆమె బొమ్మ తీసి కూతురి చేతిలో పెట్టింది.

"దీని కాలు చూశావా, లావుగా..." అని ఏదో చెప్పబోయింది, మాట తడబడింది.

"బాగుందమ్మా" అంది పిచ్చుక నెమ్మదిగా. ఆ పిల్ల ఇంత నెమ్మదిగా మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుంది?

మొగుడు ప్రార్థన మొదలుపెట్టాడు. ఆమె బల్ల కింద తొడ గిల్లుకుంది. గదిలో వెచ్చగా ఉంది. కాల్చిన కోడి వాసన, కొవ్వొత్తి వాసన. అతని గొంతు దూరం జరిగింది. మళ్ళీ గిల్లుకుంది. ఎవరో తన తలని మెల్లగా కిందికి నొక్కుతున్నట్టుంది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఎదురుగా పిచ్చుక నాన్న వైపు తిరిగి, నోటి మీద వేలు పెట్టి ఉంది.

అచ్చం బడి గోడ మీది బొమ్మలో ఉన్నట్టే.

"పడుకోలేదు!" అని అరిచింది ఆమె. కంచం గలగలమంది. "నేను పడుకోలేదు, పడుకోను! తియ్యవే ఆ వేలు!"

పిల్ల బిత్తరపోయి వేలు తీసేసింది. అత్తగారు "అమ్మాయ్, ఏంటిది, పండగపూట" అన్నారు. ఆమె వినలేదు. కోటు జేబులోంచి ఆ కాగితం తీసి, మడతల దగ్గర చిరిగిపోతున్నదాన్ని, గులాబీ రంగు దుప్పటి మీద పరిచింది.

"దీని కోసమే చేశాను తల్లీ. ఇలా ఇంకోసారి జరక్కూడదని ఎంత చేశానో. ఆర్నెల్లు... మళ్ళీ ఇలాగే అయింది చూడు. మంచి పండగ చేసి చూపిద్దామనుకున్నాను నీకు. నావల్ల కాలేదు."

పిచ్చుక కాగితం మీది బొమ్మ వైపు చూసింది. తల్లి వైపు చూసింది. దానికి నిజంగానే అర్థం కాలేదు.

"ఇది మంచి పండగే కదమ్మా" అంది. "ఏడాదిలో నీకు బాగా నచ్చిన రోజు బొమ్మ వెయ్యమంది టీచరు. అందుకే వేశాను."

"నచ్చిన రోజా? నేను నిద్రపోతే?"

"ఇంట్లోనే పడుకున్నావు కదా. ఎక్కడికీ పోలేదు కదా. నేను నీ పక్కనే కూర్చున్నాను. నాన్న మధ్యలో తుమ్మి నీ నిద్ర పాడుచేస్తాడేమోనని అందరం ష్ అనుకుంటూ ఒకటే నవ్వు." చెప్తుండగానే దాని గొంతు మారింది. "ఈ ఏడే బాగోలేదు. పోయినేడు ఒక్క రోజే ష్ అన్నారు. ఈ ఏడు రోజూ ష్ అన్నారు."

అత్తగారు కొంగు వెతుక్కున్నట్టు ఒళ్ళో చేతులు తడుముకుని, ఆఖరికి దుప్పటి కొసతో ముక్కు తుడుచుకున్నారు. ఇస్త్రీ అక్క కూతురి ఒళ్ళో ఉన్న డబ్బా వైపు చూసింది. ఏదో ఒకటి అడగాలని, "ఆ డబ్బాలో ఏముంది?" అంది.

"నీకు చెప్పాల్సినవి. రాసిపెట్టుకోమన్నావు కదా."

మూత తీసింది. లోపల లాండ్రీ చీటీలు, మూటలకి కట్టే పసుపురంగు చీటీలు, డబ్బా నిండా ఉన్నాయి. అంచుల దాకా కుక్కి ఉన్నాయి.

"అన్నీనా?"

"అన్నీ. ఇవాళ వింటానన్నావు."

పిచ్చుక అడుగునున్న మొదటి చీటీ తీసింది. అది చదివే తీరు చూస్తే చాలా రోజులుగా ఈ గంట కోసం కాచుకున్నట్టుంది. "సెప్టెంబరు. నా పన్ను కదులుతోంది. నాలుకతో తోస్తే ఊగుతోంది. అమ్మకి చూపించాలి."

తల్లి బల్ల మీదుగా ముందుకు వంగింది. "ఏది, చూపించు. ఏ పన్ను?"

పిచ్చుక నోరు తెరిచి, వేలితో చూపించింది. అక్కడ తెల్లగా, గట్టిగా, పైకి వచ్చేసిన కొత్త పన్ను ఉంది.

"ఇదేనమ్మా. అది ఎప్పుడో ఊడిపోయింది."

ఆమె ఆ పన్ను వంకే చూస్తూ ఉండిపోయింది. పన్ను ఊడింది, కొన్నాళ్ళు అక్కడ కంత ఉండి ఉంటుంది, దాంట్లోంచి గాలి పోతూ మాటలు వింతగా పలికి ఉంటాయి, నానమ్మ నవ్వి ఉంటుంది. అవన్నీ ఈ ఇంట్లోనే, ఈ బల్లకి రెండడుగుల దూరంలోనే జరిగాయి. ఆమె ఆ పూటలన్నీ శాలువా అల్లుతూ లెక్కపెట్టుకుంటోంది.

ఆమె లేచింది. అందరూ చూస్తుండగా గులాబీ రంగు దుప్పట్లు మూడు తెచ్చి, చెట్టు పక్కన నేల మీద ఒకదానిమీద ఒకటి పరిచింది. దాని మీద పడుకుని, పిచ్చుకని దగ్గరికి పిలిచి, దాని ఒళ్ళో తల పెట్టుకుంది.

"ఇక చదువు" అంది. "మిగతావన్నీ చదువు. నా కళ్ళు మూతపడితే ఆపకు. గట్టిగా చదువు. అత్తయ్యా, మీరు ఎప్పటిలా ఆయన్ని తిడుతూ ఉండండి. ఏమయ్యా, నువ్వు ఆ కోడిని ముక్కలు చెయ్యి, కత్తి చప్పుడైనా పర్లేదు. ఎవరూ ష్ అనకండి. మీ చప్పుడు వింటూ పడుకుంటాను."

"తింటూ పడుకోవడం చూశాం గానీ, వింటూ పడుకోవడమేమిటే" అన్నారు అత్తగారు. అని, వెంటనే కొడుకు వైపు తిరిగారు. "చూస్తావేం, కొయ్యి! రొమ్ము ముక్క పిల్లకి. ముళ్ళు లెక్కపెట్టడం రాదు గానీ వ్యాను తోలతాడట వ్యాను!"

"అమ్మా, ముళ్ళు వేసింది నీ కోడలు!"

"నోర్ముయ్. కోడల్ని అంటే ఊరుకోను."

పిచ్చుక ఫక్కున నవ్వింది. నవ్వినప్పుడు దాని పొట్ట తల్లి తల కింద అదిరింది. రెండో చీటీ తీసింది, గొంతు సవరించుకుంది. "సెప్టెంబరు. ఇవాళ ఆటల్లో నేను రెండోదాన్ని వచ్చాను. మొదటి అమ్మాయి మోసం చేసింది." మూడోది తీసింది. నాలుగోదానికి తల్లి "ఊఁ" కొట్టింది. ఏడోదానికి కొట్టలేదు. పిచ్చుక వంగి ఆమె మొహం చూసింది. వేలు నోటి దాకా పోయింది, మధ్యలోనే ఆపి, ఆ చేత్తో తల్లి చెంప మీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది.

డబ్బాలో ఇంకా చాలా ఉన్నాయి. ఎనిమిదోది తీసి, ముందుకన్నా గట్టిగా చదవడం మొదలుపెట్టింది.